ఇంజిన్ లేని చోట ఏం పెడతారు? ఎలక్ట్రిక్ సూపర్‌కార్ కాన్సెప్ట్ డిజైన్ చేయడం ఎలా

ఆదివారం పొద్దున్న శ్రీకాకుళంలో మా మేడ మీద కొంతమంది పిల్లలు నాతో కూర్చుని కార్లు గీస్తారు. ఎక్కువమంది డిప్లొమా, ఇంజినీరింగ్ చదివేవాళ్లు. చేతికి పెన్ను ఇవ్వగానే దాదాపు అందరూ ఒకే కారు గీస్తారు. పొడుగాటి ముక్కు, వెనక పెద్ద రెక్క, పక్కల్లో గాలి పీల్చే రంధ్రాలు. గీత బాగానే ఉంటుంది. కానీ "ఈ ముక్కు లోపల ఏముంది?" అని అడిగితే జవాబు రాదు. ఎలక్ట్రిక్ కారులో ముందు ఇంజిన్ లేదు, వెనకా లేదు. పెట్రోలు ట్యాంకు లేదు, పొగ గొట్టం లేదు. మరి అంత పొడుగు ముక్కు ఎవరి కోసం?

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తే డిజైన్ దానంతట అదే మొదలవుతుంది. ఆకారం ముందు గీసి సామాను తర్వాత ఇరికించడం కాదు. ముందు లోపలివి సర్దండి, ఆకారం చివర వస్తుంది. మీ ఇంట్లో, మీ గోడ మీద, పెద్దగా ఖర్చు లేకుండా ఒక కాన్సెప్ట్‌ని, అంటే అమ్మకానికి కాకుండా కొత్త ఆలోచన చూపడానికి చేసే నమూనా కారుని, మొదటి గీత నుంచి చేత్తో పట్టుకునే మోడల్ దాకా ఎలా తీసుకెళ్లాలో చెబుతాను. రోజుకి గంట కేటాయిస్తే రెండు, మూడు నెలల పని.

ముందు మనిషిని కూర్చోబెట్టండి

ఇంట్లో అందరికన్నా పొడుగైన మనిషిని పిలవండి. మా ఇంట్లో అయితే మా చిన్నాన్న, 180 సెం.మీ. గచ్చు మీద పలచటి దిండు వేసి కూర్చోబెట్టండి. కాళ్లు ముందుకి చాపి, మోకాళ్లు కొద్దిగా ముడవమనండి. వీపు వెనక ఒక చెక్క ఆనించి 30 డిగ్రీలు వెనక్కి వాల్చండి. జామెట్రీ బాక్సులోని కోణమానిని చాలు. మామూలు కార్లలో వీపు 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, సూపర్‌కారులో ఇంకా వాలుతుంది. తల మాత్రం నిటారుగా ఉంచమనండి, రోడ్డు చూడాలి కదా.

ఇప్పుడు టేపు తీయండి. కూర్చున్న చోటు నుంచి తల పైదాకా చిన్నాన్నకి 83 సెం.మీ. వచ్చింది. దీనికి సీటు మందం 10, కారు అడుగు పలక 3, రోడ్డుకి అడుగుకి మధ్య ఖాళీ 11 కలపండి. తల మీద వదిలే జాగా 4, పైకప్పు మందం 4 వేయండి. మొత్తం 115 సెం.మీ. అంటే మీ కారు ఎత్తు ఇక మీ ఇష్టం కాదు, ఆ మనిషి నిర్ణయించాడు. 1970లో వచ్చిన లాన్సియా స్ట్రాటోస్ జీరో కాన్సెప్ట్ ఎత్తు 84 సెం.మీ. మాత్రమే. అందులోకి దిగాలంటే ముందు అద్దాన్నే తలుపులా ఎత్తి దిగాలి. అంత తెగింపు మీకూ ఉండొచ్చు, అప్పుడు మనిషిని దాదాపు పడుకోబెట్టాలి. ఏదైనా ఆ మనిషి దగ్గర తేల్చుకోండి, కాగితం మీద కాదు.

అట్ట ముక్కతో 18 సెం.మీ. బొమ్మ ఒకటి కత్తిరించి తుంటి, మోకాలు, మెడ దగ్గర గుండుసూది గుచ్చి వంగేలా చేసుకోండి. పదింట ఒక వంతు కొలతలో ఇదే మీ డ్రైవరు. రెండు నెలలూ మీ టేబుల్ మీద ఉండాల్సింది ఇతనే.

తర్వాత బ్యాటరీ

ఎలక్ట్రిక్ సూపర్‌కారులో అన్నిటికంటే బరువైన, మొండి వస్తువు బ్యాటరీ. దాన్ని ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టే కారు రూపం మారిపోతుంది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కార్లలో బాగా వాడే గుండ్రటి సెల్‌ని 21700 అంటారు. పేరులోనే కొలత ఉంది, 21 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు. ఒక్కోటి సుమారు 18 వాట్ అవర్ల కరెంటు దాచుకుంటుంది, 70 గ్రాముల దాకా బరువుంటుంది. మీ కారుకి 90 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అనుకోండి. 90,000ని 18తో భాగిస్తే 5,000 సెల్స్. సెల్స్ బరువే 350 కిలోలు. పెట్టె, చల్లబరిచే గొట్టాలు, వైర్లు కలిపితే 500 దాటుతుంది.

ఈ 5,000 సెల్స్‌నీ ఒకే పొరగా నిలబెట్టి పరిస్తే, ఒక్కోదానికి 22 మి.మీ. చోటు చొప్పున, 2.4 చదరపు మీటర్ల నేల కావాలి. ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య అంత చోటు ఉంటుంది. మామూలు ఎలక్ట్రిక్ కార్లలో చేసేది అదే, కాళ్ల కింద పరిచేస్తారు. కానీ పెట్టెతో కలిపి అది 11, 12 సెం.మీ. మందం అవుతుంది. ఆ మందం మీద సీటు పెడితే మన 115 కాస్తా 127 అవుతుంది. కాగితం మీద ఒకసారి గీసి చూడండి. కారు సూపర్‌కారులా కాకుండా కుటుంబం ఊరెళ్లే కారులా కనబడుతుంది.

ఇంకో దారి ఉంది. సీట్ల వెనక, పాత ఇంజిన్ ఉండే చోట, సెల్స్‌ని అంతస్తులుగా పేర్చడం. 120 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. లోతు ఉన్న పెట్టె తీసుకోండి. నేల 0.6 చదరపు మీటర్లు. నాలుగు అంతస్తులు వేస్తే మనకి కావాల్సిన 2.4 వచ్చేసింది. అంతస్తుకి 9 సెం.మీ. చొప్పున ఎత్తు 36. అట్టతో 12, 5, 3.6 సెం.మీ. పెట్టె చేసి మీ అట్ట డ్రైవరు వెనక పెట్టండి. సరిపోయింది కదా! లోటస్ ఎవైయా అనే ఎలక్ట్రిక్ సూపర్‌కారులో బ్యాటరీ సీట్ల వెనకే ఉంటుంది. రిమాక్ నెవెరా దారి వేరు. దాని 120 కిలోవాట్ అవర్ల బ్యాటరీని ఇంగ్లిషు హెచ్ అక్షరం ఆకారంలో, సీట్ల వెనక, ముందు, మధ్యన సర్దారు. మహీంద్రా స్థాపించిన ఆటోమొబిలి పినిన్‌ఫరీనా తెచ్చిన బాటిస్టాలో అది టీ అక్షరంలా ఉంటుంది. మూడు కార్లూ దాదాపు ఒకే కాలంలో వచ్చినవి, మూడిటిదీ మూడు రకాల సర్దుబాటు. మీది నాలుగోది కావచ్చు.

ఇక్కడ ఒక మాట. ఈ బ్యాటరీల్లో ఒక పెద్ద రకంలో నికెల్, కోబాల్ట్‌తో పాటు మాంగనీస్ ఉంటుంది. మన చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీస్ గనులు ఎన్నాళ్ల నుంచో ఉన్నవే. మోటారు అయస్కాంతాలకి కావాల్సిన నియోడిమియం మోనజైట్ అనే ఖనిజంలో దొరుకుతుంది, మన తీరం ఇసుకలో ఆ మోనజైట్ ఉంది. కళింగపట్నం బీచిలో కాళ్లకి అంటుకునే నల్ల ఇసుకని ఈసారి కాస్త పరీక్షగా చూడండి. ఈ కారు ఎక్కడో వేరే దేశం వాళ్ల వ్యవహారం అని నాకెప్పుడూ అనిపించదు.

చక్రాలతో కొలవండి

ఇప్పుడు పక్క నుంచి చూసే బొమ్మ. కారు బొమ్మలో కొలబద్ద స్కేలు కాదు, చక్రం. టైరుతో కలిపి చక్రం వ్యాసం 70 సెం.మీ. అనుకోండి. ముందు చక్రం కేంద్రం నుంచి వెనక చక్రం కేంద్రానికి, అంటే వీల్‌బేస్, 270 సెం.మీ. చక్రాల మధ్య ఖాళీలో దాదాపు మూడు చక్రాలు పడతాయి. ముందు కేంద్రం నుంచి ముక్కు దాకా 95, వెనక కేంద్రం నుంచి తోక దాకా 90. మొత్తం పొడవు 455, వెడల్పు 200, ఎత్తు 115. ఎత్తు ఒకటిన్నర చక్రం కన్నా కాస్త ఎక్కువ, అంతే. పిల్లల బొమ్మలు తేలిపోయేది ఎక్కువగా ఇక్కడే. చక్రాలు చిన్నవి గీసి, పైకప్పు ఎత్తు చేస్తారు.

చక్రాన్ని వాలుగా గీయడం రాకపోతే అన్నం తినే స్టీలు పళ్లెం గోడకి నిలబెట్టి, పక్కకి జరుగుతూ చూసి గీయండి. గుండ్రం కోలగా మారడం కళ్లెదుటే కనిపిస్తుంది. కోల సన్నగా అయిన వైపుకే ఇరుసు వెళ్తుందని గుర్తుంచుకుంటే చాలు.

ఎలక్ట్రిక్ కాబట్టి కాళ్లు ముందు ఇరుసు దాకా జరపొచ్చు. క్యాబిన్ మొత్తం ముందుకి వస్తుంది. ముందు అద్దం చక్రం మీద నుంచే లేచినట్టు ఉంటుంది. భవిష్యత్తు కారు అనే భావన నిజంగా కలిగించేది ఈ జరుపుడే. సన్నటి నీలం లైట్లు కాదు. 1971లో లంబోర్గిని కౌంటాచ్ నమూనా చూసినవాళ్లకి అది వేరే గ్రహం నుంచి వచ్చినట్టు అనిపించిందంటే, అందులో క్యాబిన్ అంత ముందుకి, ముక్కు అంత కిందికి ఉండడం వల్లే.

A3 కాగితం మీద ఇలాంటి పక్క బొమ్మలు కనీసం 50 గీయండి. బాల్ పెన్నుతో గీయండి, రబ్బరు వాడొద్దు. అందులో మూడు మిగులుతాయి.

గోడ మీద నిజం కొలతకి

కార్ల స్టూడియోల్లో నల్లటి టేపుతో కారుని నిజం సైజులో గోడ మీద గీస్తారు. మనం కూడా గీద్దాం. ప్రహరీ గోడ మీద ప్రయత్నిస్తే సున్నం రాలి టేపు నిలవదు, నేను రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టాను. పాత ఫ్లెక్సీ బ్యానరు ఒకటి తెచ్చి, వెనక వైపు తెల్లగా ఉన్నదైతే తిప్పి కట్టండి. ఎన్నికలయ్యాక ఊళ్లో కావాల్సినన్ని దొరుకుతాయి. కరెంటు పనివాళ్ల నల్ల ఇన్సులేషన్ టేపు కొనండి. అది సాగుతుంది కాబట్టి వంపు తిరుగుతుంది. ఒక చేత్తో టేపు చుట్ట పట్టుకుని లాగుతూ, ఇంకో చేతి బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లండి. ఎక్కువ లాగితే రాత్రికి తిరిగి ముడుచుకుని గీత చెడుతుంది, ఒక మోస్తరుగా లాగండి.

ముందు నేల గీత. తర్వాత రెండు చక్రాలు. తర్వాత మనిషి, అట్ట డ్రైవరు కాదు, ఈసారి చిన్నాన్ననే ఫ్లెక్సీ ముందు కూర్చోబెట్టి తల చుట్టూ గీయండి. తర్వాత బ్యాటరీ పెట్టె. ఆ మూడూ అయ్యాకే పైకప్పు గీత. ముక్కు నుంచి తోక దాకా ఒకే ఊపులో రావాలి. నాకు పదకొండోసారికి వచ్చింది. A3 మీద అద్భుతంగా ఉన్న వంపు నాలుగున్నర మీటర్లకి వచ్చేసరికి ఉబ్బిపోయి కనిపిస్తుంది. అందుకే ఈ మెట్టు దాటేయకూడదు.

వీధి గట్టు దాటుతుందా?

కాన్సెప్టే కదా, రోడ్డు మీద తిరగదు కదా అంటారు. 1938 నాటి బ్యూక్ వై జాబ్‌ని, కాన్సెప్ట్ కార్లకి ఆద్యమని చెప్పేదాన్ని, దాని డిజైనర్ హార్లీ ఎర్ల్ ఏళ్ల తరబడి సొంత కారుగా నడుపుకున్నాడు. తిరగగలిగే కలకే విలువ ఎక్కువ అని నా నమ్మకం.

మన దేశపు ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు. మీ కారు దాని మీద సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు రెండు చక్రాలూ వంపు మీదే ఉంటాయి. లెక్క వేస్తే చక్రాల కన్నా వంపు నడిమి భాగం 5.4 సెం.మీ. మాత్రమే ఎత్తు. 11 సెం.మీ. ఖాళీలో సగం మిగిలింది. ముందు చక్రం గట్టు మొదట్లో ఉన్నప్పుడు 95 సెం.మీ. ముందున్న ముక్కు కింద వంపు 7.7 సెం.మీ. ఉంటుంది. మూడు సెం.మీ. తేడాతో బయటపడతాం. హైవే మీద నుంచి దిగి ఊళ్లోకి వస్తే సంగతి వేరు. మా వీధిలో జనం పోసుకున్న సిమెంటు గట్టు ఒకటి కొలిచాను. అడుగు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు. ఆ గట్టు మీద ఈ కారు కడుపు పట్టేస్తుంది. అప్పుడు రెండే దారులు. ఒక మీట నొక్కితే సస్పెన్షన్ నాలుగు వైపులా 5, 6 సెం.మీ. లేచే ఏర్పాటు గీయడం, లేదా మొదట్నుంచీ కారుని ఎత్తులో పెట్టడం. నేను మొదటిదే ఎంచుకుంటాను. మీ వీధి గట్టుని మీరే వెళ్లి కొలవండి.

శక్తి ఎంత కావాలో లెక్క కట్టండి

పోస్టరు మీద 2,000 హార్స్‌పవర్ అని రాసెయ్యడం తేలిక. నెవెరాకి 1,914 ఉంది కాబట్టి మనదానికి ఇంకా ఎక్కువ పెట్టాలన్న ఆరాటం పిల్లల్లో చూస్తుంటాను. ముందు ఎంత అవసరమో చూడండి.

కారు బరువు మనిషితో కలిపి 1,900 కిలోలు. 2.5 సెకన్లలో గంటకి 100 కి.మీ. అందుకోవాలి. 100 కి.మీ. అంటే సెకనుకి 27.8 మీటర్లు. సెకనుకి 11.1 మీటర్ల చొప్పున వేగం పెరగాలి. ఇది భూమి ఆకర్షణ కన్నా కాస్త ఎక్కువ, మంచి టైరు పట్టుకి అది దాదాపు అంచు. అదే తోపు చివరిదాకా నిలవాలంటే 100 కి.మీ. దగ్గర 586 కిలోవాట్లు కావాలి. చక్రానికొకటి చొప్పున 150 కిలోవాట్ల మోటార్లు నాలుగు పెడితే 600. అంటే సుమారు 800 హార్స్‌పవర్. చాలు. పళ్లెంలా పలచగా ఉండే మోటార్లు ఇప్పుడు వస్తున్నాయి, వాటిని యాక్సియల్ ఫ్లక్స్ మోటార్లు అంటారు. ముందు రెండు, వెనక రెండు ఇరుసుల మీద పట్టేస్తాయి. ఏ చక్రాన్ని ఎంత తోయాలో కంప్యూటరు విడివిడిగా చెబుతుంది కాబట్టి మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువ తోసి కారుని తిప్పొచ్చు. పెట్రోలు కారులో గేర్లు, క్లచ్చులతో ఎంతో కష్టపడి సాధించేది ఇది.

600 కిలోవాట్లు లాగుతూనే ఉంటే 90 కిలోవాట్ అవర్ల బ్యాటరీ 9 నిమిషాల్లో అయిపోతుంది. ఆ 9 నిమిషాల్లో పుట్టే వేడి బయటికి పోవాలి. మన ఎండలు తెలిసినవే. అందుకే ఇంజిన్ లేదని గాలి రంధ్రాలన్నీ మూసేయకండి. ముక్కు కింద రేడియేటర్లకి దారి, బానెట్ మీద నుంచి ఆ వేడి గాలి బయటికి పోయే దారి, రెండూ గీయాలి.

గాలి

గాలి అడ్డుకునే బలాన్ని డ్రాగ్ అంటారు. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. దాన్ని దాటడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. మన కారు ముందు వైశాల్యం 2 చదరపు మీటర్లు, డ్రాగ్ అంకె (ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పేది) 0.30 అనుకుంటే 100 కి.మీ. దగ్గర గాలిని చీల్చడానికి 8 కిలోవాట్లు కూడా పట్టదు. 300 దగ్గర 208 కిలోవాట్లు పడుతుంది. మూడు రెట్ల వేగానికి ఇరవై ఏడు రెట్ల శక్తి.

అలాగని డ్రాగ్ తగ్గించడమే పని కాదు. మెర్సిడెస్ 2022లో చూపించిన ఈక్యూఎక్స్ఎక్స్ డ్రాగ్ అంకె 0.17. అది ఎక్కువ దూరం వెళ్లే కారు. సూపర్‌కారుని మలుపులో గాలి నేలకి అదిమిపట్టాలి, ఆ అదుముడికి కొంత డ్రాగ్ మూల్యంగా ఇవ్వక తప్పదు. ఎవైయాలో వెనక భాగాన్ని డొల్ల చేసి, గాలిని ఒంట్లోంచే సొరంగాల గుండా వెనక్కి పంపారు. ఇంజిన్ పోయాక దొరికిన ఖాళీని అంత బాగా వాడుకున్న కారు నా దృష్టిలో ఇంకోటి లేదు. మీ బొమ్మలో బ్యాటరీ పెట్టెకి అటూ ఇటూ ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. 200 వెడల్పులో పెట్టె 120. పక్కకి 40 చొప్పున. అందులో చక్రం, సస్పెన్షన్ పోను పైభాగంలో గాలికి దారి దొరుకుతుంది.

చూడాలంటే ఇంట్లోనే చూడొచ్చు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని పొడుగ్గా పడుకోబెట్టండి. ముందు నోటికి కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టలుగా పేర్చి అతికించండి, గాలి సుడి తిరగకుండా తిన్నగా వస్తుంది. ఫ్యాన్‌ని వెనక పెట్టి గాలిని బయటికి లాగేలా తిప్పండి. ముందు నుంచి ఊదితే గాలి మెలి తిరిగి వస్తుంది, ఏమీ తెలియదు. పక్కన కోసి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అతికిస్తే అది కిటికీ. మోడల్‌ని (ఎలా చేయాలో కింద చెబుతాను) లోపల పెట్టి, దాని మీద వేలెడంత దూరానికొకటి చొప్పున నూలు పోగులు అతికించండి. పొందూరు సన్న ఖద్దరు నూలు దొరికితే దాన్ని మించింది లేదు. వాలుగ చేప దవడ పళ్లతో దూది దువ్వి వడికే ఆ పోగు ఊపిరికే కదులుతుంది. గాలి ఒంటిని అంటిపెట్టుకుని పోయే చోట పోగు బుద్ధిగా పడుకుంటుంది. గాలి విడిపోయిన చోట లేచి గిలగిలా కొట్టుకుంటుంది. నా మొదటి మోడల్‌లో వెనక అద్దం మొదట్లోనే పోగులన్నీ లేచాయి. అక్కడ వాలు మరీ నిట్రంగా ఉంది. లప్పంతో వాలు తగ్గించి మళ్లీ పెడితే పడుకున్నాయి.

ఇంత చిన్న మోడల్, ఇంత తక్కువ గాలితో డ్రాగ్ అంకె తెలియదు. గాలి ఎక్కడ విడిపోతోందో ఒక అందాజు దొరుకుతుంది. అంకెలు కావాలంటే కంప్యూటర్లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కారు కట్టి, గాలి లెక్కలు కట్టే ఓపెన్‌ఫోమ్‌లో పరీక్షించండి, రెండూ ఉచితమే.

మోడల్ చేయడం

పదింట ఒక వంతు అంటే 45.5 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 11.5 ఎత్తు. పెళ్లి డెకరేషన్ వాళ్ల దగ్గర థర్మాకోల్ దిమ్మలు దొరుకుతాయి. సన్న హాక్సా బ్లేడుతో కోయండి. పక్క బొమ్మ, పై బొమ్మ, ముందు బొమ్మ అట్టలో కత్తిరించి దిమ్మకి ఆనించి చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, నాకు మూడు వారాల పని పోయింది. టింకరింగ్ షెడ్డులో సొట్టల మీద రాసే లప్పం తెచ్చి నేరుగా థర్మాకోల్ మీద పూశాను. పావుగంటలో పైకప్పు లోపలికి కుంగింది, చూస్తుండగానే డ్రైవరు వైపు గుంట పడి నురగలా కరిగిపోయింది. ఆ లప్పంలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. స్ప్రే పెయింటూ అంతే. ముందు పాత న్యూస్‌పేపర్ ముక్కలు ఫెవికాల్ నీళ్లలో ముంచి మూడు పొరలు అంటించండి. ఒక్కో పొర పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద గోడలకి వేసే తెల్ల లప్పం పలచగా పూయండి. ఆ తర్వాత షెడ్డు లప్పం వేసినా ఏం కాదు. కుమ్మరి బంకమన్ను వద్దు, ఆరేకొద్దీ ముడుచుకుని పగుళ్లిస్తుంది. స్టూడియోల్లో వాడే క్లే మైనం, నూనె కలిసినది, వేడి చేస్తే మెత్తబడి చల్లారితే గట్టిపడుతుంది. పిల్లల రంగు క్లే కొంతవరకూ ఆ పని చేస్తుంది కానీ మే నెలలో చేతికి అంటుకుపోతుంది. పని మొదలుపెట్టే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400 దాకా రండి. చేత్తో రుద్దకండి, చెక్క ముక్కకి చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే వేళ్ల సందుల ప్రకారం గుంటలు పడతాయి.

ఇక వెలుగు పరీక్ష. మోడల్ మీద నల్ల ఎనామెల్ పూసి, ఆరాక రాత్రి ట్యూబ్‌లైట్ కింద పెట్టండి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం తెల్లటి గీతలా ఒంటి మీద పారుతుంది. కన్ను మోడల్ ఎత్తుకి దించి, ముక్కు నుంచి తోక దాకా ఆ గీతని చూడండి. నేను బాగుందనుకున్న మోడల్‌ని షెడ్డు మేస్త్రికి చూపించాను. ఆయన దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి, వెలుగులోకి వాల్చి "బాబూ, ఈ గీత ఇక్కడ ఇరిగిపోనాది, సూడు" అన్నారు. వెనక చక్రం పైన, సరిగ్గా ఒక గోరు వెడల్పు. నాకు వారం రోజులుగా కనబడలేదు. ముప్పయ్యేళ్లు డోర్లు, మడ్‌గార్డులు సరిచేసిన కన్ను అది. మీ ఊళ్లో అలాంటి మేస్త్రి తప్పకుండా ఉంటారు, వెళ్లి చూపించండి. టీ తాగుతూ నాలుగు తప్పులు చెబుతారు.

లోపల, పైన

విజయనగరం పిల్లలు బొబ్బిలి వీణ నుంచి స్ఫూర్తి తీసుకున్నామని ముక్కుకి వీణ కొసన ఉండే యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) ముఖం అతికిస్తారు. వద్దు. వీణ నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి కుండ, దండి, మెడ అన్నీ తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అతుకు లేదు కాబట్టి నాదం అంతా ఒక్క ఒంటిలో పారుతుంది. సూపర్‌కార్ల కార్బన్ ఫైబర్ మోనోకాక్ పద్ధతి అదే. చట్రం వేరు, పైతొడుగు వేరు కాకుండా మనిషి కూర్చునే తొట్టే బలం మోస్తుంది. అందుకే తలుపు కింద గడప అంత వెడల్పుగా ఉంటుంది. మీ బొమ్మలో గడపకి 20 సెం.మీ. ఇచ్చి, దాన్ని చీర కట్టుకున్న అమ్మ దాటగలదా అని అడగండి. దాటలేదంటే తలుపుతో పాటు పైకప్పులో ఒక ముక్క కూడా లేచేలా గీయండి.

సీట్లకి తోలే ఉండాలని లేదు. పొందూరు ఖద్దరు నేత దగ్గరగా చూడండి, చెమట పట్టే ఎండలో ఆ బట్టకి ఉండే సుఖం తోలుకి లేదు. మీటల దగ్గర బుడితి కంచు పనితనం. వాడేకొద్దీ చెయ్యి తగిలిన చోట మెరుస్తుంది, తగలని చోట మసకబారుతుంది. రంగు ఒక్కటి చాలు. మూడు రంగులు వేస్తే గీతలోని తప్పు దాగుతుంది, ఒప్పు కూడా దాగుతుంది.

ఎవరికి చూపించాలి

ఐదు షీట్లు చేయండి. మనిషి, బ్యాటరీ, చక్రాల సర్దుబాటు ఒకటి. పడేసిన స్కెచ్‌లు ఒకటి. గోడ మీద టేపు ఫొటో, పక్కన చిన్నాన్న నిలబడి ఉన్నది. మోడల్ నాలుగు వైపులా. చివర్లో పెద్ద బొమ్మ. చాలామంది పెద్ద బొమ్మ ఒక్కటే పంపుతారు. చూసేవాళ్లు వెతికేది మిగతా నాలుగూ. డిగ్రీలో డిజైన్ చదవాలంటే ఇంటర్ తర్వాత ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల డ్యాట్ పరీక్షలున్నాయి. ఇంజినీరింగ్ అయినవాళ్లకి సీడ్ పరీక్ష ఉంది. ఎన్‌ఐడీలోనూ ఐఐటీ బాంబేలోనూ వాహనాల డిజైన్‌కే పీజీ కోర్సులున్నాయి. ఇంటర్వ్యూలో ఆ గుంట పడిన థర్మాకోల్ మోడల్ ఫొటో కూడా పెట్టండి, ఎందుకు కరిగిందో మీకు తెలుసు కదా.

ఇవన్నీ అయ్యాక కూడా ఫ్లెక్సీ మీద టేపు పీకేయకండి. వారం ఉంచండి. పాలకి వెళ్తూ, బండి మీద వస్తూ, వీధి చివర నుంచి ఒకసారి దాని వైపు చూడండి. ఏ రోజో పైకప్పు గీత వెనక చక్రం మీదకి వచ్చేసరికి రెండు వేళ్లు ఎత్తుగా అనిపిస్తుంది. బండి ఆపి, దిగి, ఆ ఒక్క ముక్క పీకి మళ్లీ వేయండి.